తొణకని చాయ్

బావా,

తెలంగాణ కోసం మళ్లీ బంద్. కోరుట్లలో పెట్రోలు బంకులన్నీ మూసేశారు. ఇంజన్ పీకేసిన నీ కారులో కరెంటు మోటారును ఈ రోజే గేర్‌బాక్సుకు బిగించాను. రెంటినీ కలిపే కప్లింగ్, నువ్వు చనిపోయేముందు సిరిసిల్లలో లేత్ మిషను మీద చేసిందే. అది వంకర తిరిగితే మళ్లీ చేయడానికి నువ్వు లేవు.

"ఆయన జేసినట్టే చాయ్ గిలాస పెట్టి సూడే అన్నా" అంది చెల్లె.

గేర్‌బాక్సు మీద పెట్టి మోటారు తిప్పాను. చాయ్ తొణకలేదు; కప్లింగ్ వంకర లేకుండా తిరుగుతోంది. చెల్లె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇదివరకు నేను దొంగచాటుగా గ్లాసు తట్టి ఒలికిస్తే, "నీ చేతులు ఊకుండవారా, బద్మాష్!" అని అరిచేవాడివి.

ఈ రోజూ తట్టాను. చాయ్ ఒలికింది. ఇద్దరం కాసేపు ఆగాం. ఎవరూ తిట్టలేదు.