అక్క అడిగిన చివరి మాట

అక్కా,

ఈ రోజు మన పాలకుర్తి చేనులో పత్తి ఏరడం మొదలుపెట్టాం. నువ్వు పోయాక ఇదే మొదటిసారి. నీ సాలు అమ్మ పట్టింది.

కాలేజీలో నా ఇంగ్లీషు చూసి ఎవరూ నవ్వకూడదని నీ పంతం. పొద్దున్నే డిక్షనరీ తీసి అరచేతిలో ఐదు మాటలు రాసుకొచ్చేదానివి. సాలు మొదట్లో ఒకటి అడిగితే, చివరికి చేరేలోపు నేను అర్థం చెప్పాలి. లేకపోతే ఇద్దరి పత్తీ నేనే మోయాలి. ఏం పెత్తనం నీది!

చివరి రోజు 'రిలక్టెంట్' అని అడిగావు. నాకు రాలేదు. "రేపు చెప్పు తియ్యి" అని మూట నువ్వే ఎత్తుకున్నావు. తెల్లారి నిన్ను జ్వరంతో జనగామ దవాఖానకు తీసుకుపోయారు.

ఇవాళ ఏరుతుంటే అమ్మ ఉన్నట్టుండి, "పేషెన్స్ అంటే ఏంది బిడ్డా?" అంది.

అమ్మకు తెలుగు అక్షరాలే రావు కదా! అన్ని రోజులూ మన పక్కన ఏరుతూ విని పట్టుకుందట. "ఓపిక" అన్నాను. సాలు మారినప్పుడల్లా ఒకటి అడిగింది, చివరి రోజు నువ్వు అడిగిన వరుసలోనే. ఆఖరికి "రిలక్టెంట్" అంది.

దాని అర్థం నువ్వు అడిగిన సాయంత్రమే చూసిపెట్టుకున్నాను అక్కా.

"మనసొప్పక వెనకాడటం" అన్నాను.

అమ్మ తలూపింది. కొత్త సాలు సగం దాటినా ఏమీ అడగలేదు.

"ఇంకోటి అడుగమ్మా" అన్నాను.

"అక్క గంతవరకే అడిగింది గద బిడ్డా" అంది.

నీ చెల్లె