రెండో సంతకం

మార్చి 3, సోమవారం

ఇవాళ ఒక సీలు సరిపోలేదు.

ఈ ఒక్క వాక్యం రాసి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో చేరి పద్నాలుగేళ్ళు. ఇలా రాయాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

మొదట్నుంచీ రాసుకుంటేగానీ నేను నమ్మేలా లేను. మా గదికి వచ్చే సీలు చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. రెండు లోహపు మూతలు, ఒకదాంట్లో ఒకటి బిగుస్తాయి. బయటికి పంపే ముందు లోపలివైపు టంకం పూసి, ఇష్టం వచ్చినట్టు గీకుతాం. అవే గీతలు మళ్ళీ గీయడం ఎవరి తరమూ కాదు, మా తరమూ కాదు. వాటిని ఫొటో తీసి, ఆ సీలు నంబరు కింద దాచిపెడతాం. మా ఆఫీసు ఇన్‌స్పెక్టర్లు దాన్ని దేశదేశాలకు పట్టుకెళ్ళి, అక్కడి యురేనియం డబ్బాలకు తీగతో కట్టి బిగిస్తారు. కొన్నేళ్ళకు తెంపి మాకు పంపిస్తారు. మేం విప్పి, లోపలి గీతల్ని పాత ఫొటోతో పోల్చి చూస్తాం. సరిపోయిందా, డబ్బా ఎవరూ తెరవలేదు, బాంబు కోసం ఎవరూ లోపల చెయ్యి పెట్టలేదు. సరిపోలేదా... ఆ మాట తర్వాత ఏం రాయాలో ఇవాళ్టిదాకా నాకు తెలియదు.

ప్రపంచ శాంతిని బొత్తాలు కుట్టి నిలబెడుతున్నామమ్మా మనం అంటుంటారు భూతద్దం. ఆయన నా సీనియర్. కళ్ళజోడు మందాన్ని బట్టి వచ్చిన పేరు, ఆయనకూ తెలుసు. నాకు పని నేర్పింది ఆయనే. ప్రతి సీలుకూ ఇద్దరి సంతకాలు ఉండాలి. మొదటిది ఆయన, రెండోది నేను. ఇవాళ ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్ళడంతో మొదటి సంతకం నా మీద పడింది. ఏడో సీలు. ఫొటోలో ఒక లావుపాటి గీత అడుగు నుంచి పైదాకా పోతోంది. నా చేతిలో ఉన్నదాంట్లో ఆ గీతే లేదు.

మేడమ్‌ని పిలిచాను. మా సెక్షన్ హెడ్. చూశారు, కుర్చీ లాక్కున్నారు, మళ్ళీ చూశారు. నోరు మెదపకు అని చెప్పి పై అంతస్తుకు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం భూతద్దం వాచిన బుగ్గతో వచ్చి, నేను ఒక్క పూట లేకపోతే ప్రపంచాన్ని తలకిందులు చేసేశావే అమ్మాయ్ అన్నారు. నవ్వబోయి, నొప్పికి బుగ్గ పట్టుకున్నారు.

మార్చి 4, మంగళవారం, సాయంత్రం 6

సీలు మీద నంబరే ఉంటుంది, దేశం పేరు ఉండదు. ఏ దేశమో మాకు చెప్పరు. టీవీ చెప్పింది. పైనుంచి ఎవరు లీక్ చేశారో మరి.

వాళ్ళ మంత్రి ఇది పచ్చి అబద్ధం అన్నాడట. అణ్వాయుధాల ఒప్పందంలోంచి బయటికి వచ్చేస్తాం అన్నాడట. పొరుగు దేశం సరిహద్దుకు సైన్యాన్ని పంపుతోందట. అక్కడున్న తొమ్మిది మంది ఇన్‌స్పెక్టర్ల పాస్‌పోర్టులు లాక్కుని హోటల్లో కూర్చోబెట్టారట.

హోటల్ గుమ్మం చూపించారు. ఎవరో ఆడమనిషి వీపు. ఎడమ భుజానికి బ్యాగు, కుడి చెయ్యి నడుం మీద, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. ఈ భూమ్మీద అలా నిలబడేది ఒక్కతే.

మా చెల్లి.

ఇన్‌స్పెక్టర్ అయిన దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్తోందో ఇంట్లో చెప్పదు, చెప్పకూడదు. వెళ్ళే ముందు ఫోన్ చేసి, మొక్కలకు నీళ్ళు పోయవే అక్కా, చచ్చిపోతే వచ్చి నీ సంగతి చూస్తా అంది. మా ఆయన రిమోట్ తీసుకుని టీవీ కట్టేశారు. నేను మళ్ళీ పెట్టాను.

మార్చి 5, బుధవారం, ఉదయం

ఆ సీలు ఫొటో ఎనిమిదేళ్ళ కిందట తీసింది నేనే. కింద నా పొడి అక్షరాలున్నాయి.

మార్చి 5, మధ్యాహ్నం, లంచ్ రూమ్‌లో

ఎవరికీ చెప్పుకోలేనిది ఇక్కడ రాస్తున్నాను.

రూలు ప్రకారం ప్యాకెట్లోంచి ఒకసారికి ఒక్క సీలే బయటికి తీయాలి. దాని ఫొటో అయ్యాకే రెండోది. మేం ఎవరం అలా చెయ్యం. కెమెరా కుదురుకోవడానికి టైమ్ పడుతుంది, ఒకసారి కుదిరాక రెండు లాగించేయొచ్చు. గదిలో దీనికి 'జంట' అని పేరు కూడా ఉంది. లోపలివైపు కనబడాలంటే బోర్లా పెట్టాలి, అప్పుడు నంబర్లు కిందికి పోతాయి. ఏది ఎడమదో ఏది కుడిదో మన బుర్రలోనే ఉండాలి.

ఆ తేదీ చూడగానే గుర్తొచ్చింది. పిల్ల స్కూలు నుంచి ఫోన్ వచ్చిన రోజు. ఉయ్యాల మీంచి పడింది, గడ్డం చీలింది, కుట్లు వెయ్యాలి అన్నారు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని నేను పని ముగించాను. ముగించానా? ఎడమది కుడి నంబరు కింద వేశానా?

గుర్తు లేదు. కానీ వేసే ఉంటాను. వెయ్యకుండా ఉండే మనిషిని కాదు నేను.

మార్చి 5, రాత్రి

సాయంత్రం భూతద్దంతో అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గ్యాస్ కట్టావా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళే మనిషివి, నీ అనుమానాలు లెక్కలోకి వేస్తే ఈ ఆఫీసు నడవదు తల్లీ అన్నారు. ఇంట్లో ఆయనా అదే మాట. ఏ తప్పు జరిగినా ముందు చెయ్యెత్తి నేనే అనేది నువ్వేగా, వర్షం పడినా నీదే తప్పు అంటావు అన్నారు. ప్రేమగానే అన్నారు.

అయినా ఆ రోజు ఫొటోలు తెరిచి చూస్తే తెలిసిపోతుంది. నేను తారుమారు చేసి ఉంటే, ఈ సీలు గీతలు ఆ రోజు తీసిన మరో ఫొటోలో, వేరే నంబరు కింద దొరకాలి. ఆ రోజు నలభై ఆరు సీళ్ళు. రేపు మేడమ్ అనుమతి అడుగుతాను.

అది నా తప్పే అయి ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఇలాంటి మొక్కు ఇంకెవరైనా మొక్కి ఉంటారా?

మార్చి 6, గురువారం, ఉదయం 10:20

ముప్ఫై ఒకటో ఫొటో.

అదే! ఎడమవైపు మూడు గీతలు కోడికాలులా, పక్కన టంకం బొట్టు. మా గదిలో లెన్స్ కింద ఉన్న సీలు ఇదే. ఫొటో మాత్రం పక్క నంబరు కింద ఉంది. నేనే. నేనే తప్పు చేశాను. ఎవరూ ఏ డబ్బా తెరవలేదు.

మేడమ్ గదికి దాదాపు పరిగెత్తాను. ఆవిడ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను, నవ్వుతున్నారు. నీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదుగానీ, వెళ్ళి టీ తాగు, దేశాల మధ్య యుద్ధం ఆపావు అన్నారు. మొదలుపెట్టింది కూడా నేనే కదా మేడమ్ అన్నాను.

మా ఆయనకు ఫోన్ చేశాను. తప్పు చేశానండీ, నిజంగానే చేశాను అన్నాను. ఇంత సంతోషంగా చెబుతున్నావేమిటే, ఒంట్లో బాగానే ఉందా అన్నారు.

రేపు పదింటికి అన్ని దేశాల ప్రతినిధుల సమావేశం. అక్కడ చదవడానికి నివేదిక నేను రాసి సంతకం పెట్టాలి. చదివిన వెంటనే చెల్లి వాళ్ళను వదిలేస్తారు.

మార్చి 6, మధ్యాహ్నం 3

నివేదికలో రెండో సీలు సంగతి కూడా ఉండాలి కదా, దాని ఫైలు పట్రా అన్నారు మేడమ్. మామూలుగానే అన్నారు.

తెచ్చాను. జంటలో రెండోది మూడేళ్ళ కిందటే తిరిగి వచ్చేసింది. దాని నంబరు కింద ఉన్న ఫొటో దానిది కాదు. నేను తారుమారు చేసిన ఫొటో. అంటే ఆ రోజు అది సరిపోకూడదు. సరిపోయే దారే లేదు.

ఫైల్లో 'సరిపోయింది' అని ఉంది.

కింద రెండు సంతకాలు. మొదటిది భూతద్దం. రెండోది నాది.

మార్చి 6, సాయంత్రం 5



భూతద్దాన్ని అడిగాను. దబాయిస్తారనుకున్నాను. దబాయించలేదు. కుర్చీలో కూలబడి, నా వెనక నువ్వున్నావు కదమ్మా అన్నారు. గ్యాస్ కట్టావా అని రెండుసార్లు వెనక్కి వెళ్ళే మనిషివి, నేను చూడకపోయినా నువ్వు చూడకుండా వదలవు కదా అనుకున్నాను అన్నారు. కళ్ళు ఎప్పటి నుంచి సరిగ్గా ఆనడం లేదని అడిగితే నాలుగేళ్ళు అన్నారు. చెబితే ఇంట్లో కూర్చోబెడతారని చెప్పలేదట. భూతద్దం అని పేరు పెట్టి మరీ పిలుస్తారు, ఒక్కళ్ళూ అనుమానించలేదే అన్నారు.

ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్ని? చూశాననే అనుకునేదాన్ని. ముందు ఆయన సంతకం కనబడేది, నాకు పని నేర్పిన మనిషి సంతకం. తర్వాత సీలు మీద కళ్ళు పెట్టేదాన్ని. పెట్టడం వేరు, చూడడం వేరు అని మూడు రోజుల కిందట, మొదటి సంతకం నాదైనప్పుడు కదా తెలిసింది. అన్నిటినీ అనుమానించాను. తలుపు గొళ్ళెం, పిల్ల దగ్గు, నా మాట, నా నడక. ఆయన సంతకాన్ని మాత్రం అనుమానించలేదు.

నాలుగేళ్ళలో ఆయన ముందు, నేను వెనక సంతకం పెట్టినవి ఆరువేల రెండు వందల చిల్లర.

మార్చి 6, సాయంత్రం 7

మేడమ్ తలుపు వేసి మాట్లాడారు. నివేదికలో రెండు పేరాలు వద్దు, ఒకటి చాలు అన్నారు. ఫొటో తారుమారైంది, ఆ దేశం తప్పేమీ లేదు, ఇది నిజమే కదా అన్నారు. చూడకుండా సంతకాలు పెట్టామని రెండోది కూడా చదివితే ఈ భూమ్మీద మన సీలును ఎవడూ నమ్మడు, రేపట్నుంచి ఇన్‌స్పెక్టర్‌ని ఏ గేటూ దాటనివ్వరు అన్నారు. అబద్ధం చెప్పమనడం లేదు, ఆగమంటున్నాను అన్నారు. చివరికి, సంతకం నీది, నీ ఇష్టం అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూడా అంతే. ముందు చెల్లిని రానీ, గుమ్మంలో కాలు పెట్టనీ, తర్వాత ఎన్ని పేరాలైనా రాసుకో అన్నారు. రెండో పేరా వింటే వాళ్ళు ఇంకా రెచ్చిపోయి దాన్ని వదలకపోతే? నా నిజాయితీకి అది హోటల్లో కూర్చోవాలా?

పాత సీళ్ళు బేస్‌మెంట్‌లో డ్రాయర్లలో ఉన్నాయి. ఐదేళ్ళదాకా పారెయ్యరు. ఆరువేలు. వాటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి నిజంగా తెరిచిన డబ్బాది అయి ఉంటే? దాన్ని సరిపోయిందని మేం సాగనంపి ఉంటే?

ఆగితే ఎవరు అడుగుతారు ఆ డ్రాయర్ల గురించి. ఎవరూ అడగరు. నాకు తెలుసు, రేపు ఆగితే ఎల్లుండి కూడా ఆగుతాను.

మార్చి 7, శుక్రవారం

రెండు పేరాలూ రాశాను.

హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. మొదటి పేరాకు ఎవరో చప్పట్లు కొట్టారు. రెండో పేరాకు ఆ దేశం ప్రతినిధి పగలబడి నవ్వాడు, మైకు ఆన్‌లో ఉందని చూసుకోకుండా. తర్వాత గంటన్నర అరుపులే. తేలిందేమిటంటే, ఆరువేలూ మళ్ళీ చూడాలి, బయటివాళ్ళు పక్కన కూర్చుని ఉండగా. అందాకా ఎవరూ ఒప్పందం వదిలి వెళ్ళకూడదు. మేడమ్ నా వైపు చూడలేదు. నన్నూ భూతద్దాన్నీ ఈ పని అయ్యేదాకా ఉంచుతారట.

పాస్‌పోర్టులు ఇచ్చేశారు. మీరు దొంగలు కాదు దద్దమ్మలు అని నవ్వుతూ ఇచ్చారట. చెల్లి ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసింది. ఎవర్తే ఆ దద్దమ్మ అక్కా అంది. నేనే అన్నాను. అది నవ్వింది, నేను నవ్వలేదు, అప్పుడు అదీ ఆపేసింది.

మార్చి 11, మంగళవారం

బేస్‌మెంట్. మా ఇద్దరి బల్లల మధ్య తెర కట్టారు. ఒకరి సంతకం ఒకరికి కనబడకూడదు. ఆయనకు కొత్త కళ్ళజోడు వచ్చింది. ఇవాళ్టికి నూట తొంభై. అన్నీ సరిపోయాయి.

మార్చి 13, గురువారం, ఉదయం 11:40

మూడు వందల పన్నెండోది సరిపోలేదు.

ఫొటో తీసింది నేను కాదు. ఆ రోజు తీసినవన్నీ తిరగేశాం. ఆ నెలవి కూడా. ఈ గీతలు ఎక్కడా లేవు. అంచు దగ్గర, బయటి నుంచి ఎవరో సన్నటి పనిముట్టు దూర్చిన గుర్తు ఉంది.

తెర తీసేశారు. ఆయన చూశారు. నేను చూశాను. రెండేళ్ళ కిందట దీన్ని సాగనంపిన రోజు తేదీ పక్కన మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, చక్కగా, ఒకదాని కింద ఒకటి.

మేడమ్‌కి ఫోన్ చెయ్యాలి. ఆయన అన్నారు, నువ్వు చెయ్యి అమ్మాయ్.

నంబరు నొక్కుతున్నాను.