చావుపాటకు గ్రాంట్

ముత్తక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. భోపాల్‌పట్నంలో మన దోర్లీ భాష పాటలు రికార్డు చేసే కేంద్రం తాళం మళ్లీ తీశాను. బీజాపూర్ జిల్లా ఆఫీసు నుంచి గ్రాంట్లు చూసే సాబ్ ఫోన్ చేశాడు. ఆగిపోయిన గ్రాంట్ మంజూరైందట. ముందుగా నువ్వు పాడే చావుపాటే రికార్డు చేసి పంపమన్నాడు.

పోయినసారి తనిఖీకి వచ్చి, మార్చితో గడువు అయిపోతుంది, ఇప్పుడే పాడు అని నీ ముందు కూర్చున్నది ఆయనే. నువ్వు మైకు పక్కకు జరిపావు.

"ఎవరూ పోకుండ అది పాడితే చావును ఇంటికి పిలిచినట్టే సాబ్. నేర్పుడు సుత పీనుగు కాడనే. ఎవరన్న పోయిన నాడు రాండ్రి, మైకుల పట్టుకోండ్రి."

ఆయన నవ్వి, నువ్వు సహకరించలేదని రాసుకున్నాడు. గ్రాంట్ ఆగింది. జీతం లేక నేను మిరపకోతకు చెర్ల వైపు పోయాను. ఆ మధ్యలోనే ఊళ్లో ఒక ముసలాయన పోతే నువ్వు పాడావట. పట్టుకోవడానికి నేను లేను.

"పాడేటోళ్లు లేరు సాబ్," అన్నాను ఇవాళ.

"ఇంకెవరితోనైనా పాడించు," అన్నాడు.

నిన్ను వాకిట్లో పడుకోబెట్టిన రోజు ఆయన చూడలేదు కదా. చేతిలో ఫోన్ పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. ఆడవాళ్లంతా నీ చుట్టూ చేరారు. వాళ్లకు వచ్చింది వంత పాడటమే. ఎప్పటిలాగే నీ ముఖం వైపు చూస్తూ, మొదటి చరణం నువ్వు ఎత్తుకుంటావని ఆగారు.