మూలాయన శ్రుతి

మార్చి 3

దొరికింది. పన్నెండేళ్లకి. పార్సెల్ ఇంటికొస్తే మా ఆయన విప్పేస్తారని క్లినిక్‌కే తెప్పించుకున్నాను. విప్పి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మూడు వందల కాపీలు వేసి కంపెనీ మూతపడిన జాజ్ ఆల్బమ్. అట్ట మీద ట్రంపెట్ ఆయన, బేస్ ఆయన, డ్రమ్స్ ఆయన దర్జాగా నిలబడ్డారు. శాక్సఫోన్ ఆయన్ని మాత్రం అట్ట అంచు సగానికి కోసేసింది. ఒక కన్ను, ఒక చెవి, అంతే. అందుకే ఆయన్ని మూలాయన అంటాను. ఇన్నాళ్లూ నా దగ్గరున్నది ఎవరో రికార్డు నుంచి ఎక్కించిన క్యాసెట్. ఇప్పుడు అసలుదే ఉంది. ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. మళ్లీ రాసుకుంటాను, ఇంకెవరి దగ్గరా లేదు.

మార్చి 4

మా రికార్డుల క్లబ్బు ఏడాదికి ఒక్క పాత ఆల్బమ్‌ని వోటు పెట్టి మళ్లీ అచ్చు వేయిస్తుంది. 23న నా వంతు. నెగ్గితే మూలాయన ఐదొందల ఇళ్లకి వెళతాడు. ఓడితే నా అలమారే ఆయనకి గతి.

అడ్డం పడేది ప్రెసిడెంటు. చాటుగా సర్వజ్ఞుడు అంటాం. నా క్యాసెట్ విని బులెటిన్‌లో రాశాడు, మూలాయన్ని లోకం మరిచిపోలేదట, టేస్టు ఉండే వదిలేసిందట. సన్నటి గొంతట, పీపీ ఊదినట్టుందట. నేను ఊరుకుంటానా? పద్నాలుగు పేజీల వ్యాసం పడేశాను. ఆ సన్నదనం, ఆ తొందరే ఆయన జీనియస్ అన్నాను. "ఊపిరి అందని మనిషి చెప్పే నిజం" అన్న వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఇరవై ఆరేళ్లుగా క్లినిక్‌లో జనం చెవులు టెస్ట్ చేస్తున్నదాన్ని. నా చెవికి తిరుగేముంది?

మార్చి 8, సాయంత్రం 5

ఆడపడుచు వచ్చింది. పియానోలు శ్రుతి చేయడం తన వృత్తి. గొప్పగా రికార్డు పెట్టాను. మొదటి పాటకే పుల్లటిది నమిలినట్టు మొహం పెట్టి, మెషీన్ ఫాస్టుగా తిరుగుతోందేమో అంది. ఒళ్లు మండింది. చారల కాగితం తెచ్చి రికార్డు తిరిగే పళ్లెం మీద వేశాను. స్పీడు సరిగ్గా ఉంటే లైటు కింద చారలు కదలనట్టు కనిపిస్తాయి. కదల్లేదు. చూసుకో అన్నాను.

తను బ్యాగులోంచి శ్రుతి చూసే ట్యూనింగ్ ఫోర్క్ తీసి మోకాలికి కొట్టి నా చెవి దగ్గర పెట్టింది.

"నీ మెషీన్ బానే ఉంది వదినా. ఈ పాటలో పియానో రెండు స్వరాల మధ్య ఇరుక్కుంది. ఏ పియానోనీ అంత పైకి లాగరు, తీగలు తెగుతాయి. ఫ్యాక్టరీలో టేపు నుంచి రికార్డుకి ఎక్కించేటప్పుడే స్పీడు తప్పింది."

వంటింట్లోంచి మా ఆయన చెల్లెలికే వత్తాసు. అన్నాచెల్లెళ్లు ఎప్పుడూ ఒక్కటే.

మార్చి 9

ఆడపడుచు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

మార్చి 11, ఉదయం 6.20

ఫోర్క్ టేబుల్ మీద వదిలేసి వెళ్లింది. మర్చిపోయి కాదు, నాకు తెలుసు. స్పీడు మర కొంచెం కొంచెం వెనక్కి తిప్పాను, పియానో శ్రుతి వచ్చి ఫోర్క్ మీద కూర్చునేదాకా.

పీపీ పోయింది. విశాలమైన గొంతు, గుండెల్లోంచి వచ్చేది. ఆయనకి అసలు తొందరే లేదు. పాట మధ్యలో ఆగి తీరిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. ఆ ఊపిరి వినిపించింది. సంతోషంతో ఏడ్చాను.

రెండో వైపు అయ్యేసరికి సిగ్గేసింది. పద్నాలుగు పేజీలు! నేను పొగిడింది ఫ్యాక్టరీ మెషీన్ని.

మార్చి 12

క్లినిక్‌లో చెవులు టెస్ట్ చేసే బూత్‌లో శబ్దం వినిపిస్తే బటన్ నొక్కాలి. కొందరు శబ్దం రాకుండానే నొక్కేస్తారు. వినాలని అంత ఆశ. రోజూ నవ్వుకుంటాను వాళ్లని చూసి. పన్నెండేళ్లు నేను నొక్కింది అదే బటన్.

మార్చి 17

క్లబ్బు ఆచారం ఒకటుంది. ప్రెసిడెంటు చారల కాగితంతో స్పీడు చూసి సూది దించాక, ఆ వైపు అయ్యేదాకా మెషీన్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆల్బమ్ అవుట్. అంటే అందరూ వినేది పీపీయే. లేదంటే నేను ముందే లేచి, నా వ్యాసం తప్పని ఒప్పుకుని, స్పీడు తగ్గించమని అడగాలి. అదీ సర్వజ్ఞుడి ముందు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కదా అన్నారు మా ఆయన. నిజమే. మూలాయనా ఎవరికీ తెలియడు.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. ముందే చెప్పానా అని దెప్పుతుందనుకున్నాను. ఎన్ని గంటలకి రావాలి అని మాత్రం అడిగింది.

మార్చి 23, సాయంత్రం 7

ఇరవై ఇద్దరు సభ్యులు. ముందు లేచి నా ఘనమైన వాక్యం చదివి, ఇది తప్పు అన్నాను. ఎందుకో చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వారు. స్పీడు తగ్గించమన్నాను. రూలు రూలేనని సర్వజ్ఞుడు సూది దించేశాడు.

పీపీ. తల ఎత్తలేకపోయాను. పియానో ఒక్కటే మోగే చోట ఆడపడుచు ఫోర్క్ కొట్టి, దాని కాడని టేబుల్ చెక్కకి ఆనించింది. టేబులంతా మోగింది. రెండు శబ్దాలూ పడక కీచులాడుకున్నాయి. అందరి మొహాలూ ముడుచుకున్నాయి.

సర్వజ్ఞుడి చెవి మంచిదే, కాదనను. లేచాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ మెషీన్ దగ్గరికి ఈగని కూడా రానివ్వని మనిషి, తనే వంగి మర తిప్పాడు. పియానో దిగి దిగి ఫోర్క్‌తో కలిసింది. అప్పుడు మూలాయన వచ్చాడు.

వైపు అయిపోయాక సర్వజ్ఞుడు సూది ఎత్తలేదు. "ఈయన్నా నేను పీపీ అన్నది" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఇరవై రెండుకి ఇరవై రెండు వోట్లు.

గర్వంగా ఉంది. మూలాయన్ని చూసి. ఆడపడుచుని చూసి ఇంకా. కాస్త నా చెవిని చూసి కూడా. తప్పు స్పీడులో కూడా అది ఆయన్ని వదిలిపెట్టలేదు.

జూన్ 14

కొత్త అచ్చు సరైన స్పీడులో వస్తోంది. అట్ట వెనక రాయమన్నారు. ఒక్క పేజీ రాశాను. పాత ఫోటోగ్రాఫర్ కూతురి దగ్గర అసలు ఫోటో దొరికిందట.

ఆగస్టు 2

అట్ట వచ్చింది. ఈసారి ఫోటో కోయలేదు. అంచు అవతల పియానో ఉంది. మూలాయన రెండో చెవి దాని వైపు వంగి ఉంది.