గంగమ్మ పేరు చెప్పి తిరిగి పెట్టని బ్రేకర్లు

రేవులో కరెంటు పనులు చూసే ఇంజనీరు గారి సముఖానికి,
కొత్తపట్నం అవతలి మా పాలెం నుంచి సైకం కోటిరత్నం వ్రాసుకొను విన్నపం.

అయ్యా,

విషయం: జెట్టీకి కట్టిన బోట్లకు ఒడ్డు నుంచి ఇచ్చే కరెంటుకు బ్రేకర్లు తిరిగి పెట్టించుట గురించి, మా బోటులో గంగమ్మ తల్లి వెలసినదని తమరు చేసిన నిర్ధారణను రద్దు చేయుట గురించి.

1. మా తమ్ముడు యలమందకు బోటు ఉంది. వేట నుంచి వచ్చి జెట్టీకి కట్టాక బ్యాటరీలకు, ఐసు పెట్టెకు ఒడ్డు మీది స్తంభం నుంచి తీగ లాగి కరెంటు తీసుకుంటాం. స్తంభాల పెట్టెల్లో మొదట బ్రేకర్లు ఉండేవి. కరెంటు ఎక్కడైనా తడిలోకి కారితే టక్కున పడిపోయేవి.

2. జెట్టీ ప్రారంభోత్సవానికి పెద్దలు వచ్చారు. వారు మైకు పట్టుకున్నప్పుడల్లా బ్రేకర్ పడింది. తమరి మనిషి పేరయ్య గారు అన్ని పెట్టెల్లోనూ బ్రేకర్లు పీకి, తీగకు తీగ ముడివేశారు. మైకు పలికింది. చప్పట్లు కొట్టారు. ఆ ముడులు ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. పడిపోవడమే బ్రేకర్ పని. పని చేసేదాన్ని పీకేయడం తమరి కార్యాలయ ఆచారం కాబోలు.

3. ప్రతి శుక్రవారం మేము అణియం కడిగి పసుపు రాస్తాం. అణియం అంటే బోటు ముందుభాగం, తమరికి తెలియకపోవచ్చు. ఆ తరువాతి శుక్రవారం అక్కడి ఇనప కమ్మీ పట్టుకోగానే నా చెయ్యి జివ్వుమంది. యలమంద భార్య, మా మరదలు మల్లేశ్వరి కూడా పట్టుకుంది. "అమ్మ పలికింది వదినా!" అని కేక పెట్టింది. సాయంత్రానికి పాలెమంతా వేపమండలతో వచ్చింది.

4. తమరికి కబురు చేశాను. జీపులో వచ్చారు. బూట్లతో ఎక్కి, చిటికెన వేలితో కమ్మీ తాకి, కళ్లకద్దుకున్నారు. "నిజమేనమ్మా, మహిమ ఉంది. దైవ విషయంలో మా డిపార్ట్‌మెంట్ వేలు పెట్టకూడదు" అని సెలవిచ్చారు. పెట్టిన వేలు అందరూ చూశారు. కొబ్బరిచిప్పలు జీపులో పెట్టించుకుని వెళ్లారు.

5. మల్లేశ్వరి కూతురు, మా మేనకోడలు భవ్య ఒంగోలులో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. కమ్మీకి టెస్టరు పెడితే వెలిగింది. "అత్తా, అమ్మవారికి టెస్టరు వెలగదు" అంది. స్తంభం ఎర్తు తీగ భూమిలోకి దిగనే లేదట. చుట్టచుట్టి సిమెంటులో పెట్టారట. అందుకని ఏ ఒక్క బోటులో తీగ పాడైనా అన్ని బోట్ల కమ్మీలకూ కరెంటు వస్తుందట. మా ప్లగ్గు పీకింది. కమ్మీ చల్లబడింది. మల్లేశ్వరి కూతురి మీద విరుచుకుపడింది.

"నీ చదువు తగలెయ్య, అమ్మవారి ప్లగ్గు పీకుతావంటే!"

మళ్లీ తనే పెట్టింది. నేను పీకాను. నేను దీపం పెట్టుకుని వచ్చేలోపు మళ్లీ పెట్టింది. యలమందను అడిగితే, "ఇంజనీరు గారే దండం పెట్టారు కదక్కా, మనమెంత?" అన్నాడు.

6. ఊహ తెలిసినప్పటి నుంచి గంగమ్మను కొలుస్తున్నాను. తుఫానుకు మా పాత బోటు పోయినప్పుడు కూడా ఆవిడను ఒక్క మాట అనలేదు. అలలో వస్తుంది, చేపలో వస్తుంది. తీగలో రాదు. ఒకవేళ వచ్చినా తమరి స్తంభం గుండా రాదు. ఆవిడకు శుచి పట్టింపు ఎక్కువ.

7. వచ్చే శుక్రవారం గంగమ్మ కొలుపు. ఆడవాళ్లందరూ చెప్పుల్లేకుండా, తడిచీరలతో, చంకన పిల్లలతో అణియం మీద బిందెలు కుమ్మరించి ఆ కమ్మీ పట్టుకుంటారు. ఇప్పుడు జివ్వుమంటోంది. ఇంకొక తీగను ఉప్పు తినేస్తే పట్టిన చెయ్యి వదలదని భవ్య చెప్పింది. మొదటి బిందె మల్లేశ్వరిది. నా మాట వినదు. కూతురి మాట అసలే వినదు. తమరి మాట వింటుంది. అదే మా ఖర్మ.

కావున కొలుపుకు ముందే బ్రేకర్లు పెట్టించి, ఎర్తు భూమిలోకి దింపించి, అది కరెంటేనని పాలెం వాళ్ల ముందు తమరి నోటితో చెప్పవలెనని కోరుచున్నాను. అమ్మవారిని ఎక్కించింది తమరు. దింపవలసిందీ తమరే.

నేను ఎవరినీ తిట్టను. పొద్దున్నే దీపం దగ్గర తమరి పేరు కూడా చెప్పుకుంటున్నాను, బుద్ధి ఇవ్వమని.

దయతో కాకపోయినా, భయంతోనైనా చిత్తగించవలెను.

ఇట్లు,
తమరికి విధేయత చూపక గత్యంతరం లేని
సైకం కోటిరత్నం (వేలిముద్ర కాదు, సంతకమే)

తాజా కలం: నిన్న రాత్రి పాలెం పెద్దలతో మాట్లాడాను. మహిమను మొదట గుర్తించినవారు తమరే గనుక, కొలుపులో మొదటి బిందె తమరి చేతే పోయించాలని ఒప్పించాను. మల్లేశ్వరి కూడా ఒప్పుకుంది, తమరి వెనక నిలబడుతుందట. బూట్లు ఒడ్డున విప్పాలి. తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో, రెండు చేతులా కమ్మీ పట్టుకోవాలి. చిటికెన వేలు చాలదు. తమరు వచ్చేదాకా ఇంకెవరూ ముట్టుకోకుండా కమ్మీ దగ్గర నేను కూర్చుంటాను. బ్రేకర్ పెట్టించి వస్తారో, పెట్టించకుండా వస్తారో తమరి ఇష్టం.