పైపోర్షన్‌లో బుస

నారాయణగూడ,
4-7-1994

అమ్మా రాగిణీ,

ఇంటి ఓనరు జగదీశ్వర్ ఆశీర్వదించి రాయునది. నేను క్షేమం. నీ క్షేమం మీదే అనుమానం. అశోక్‌నగర్ ఇంట్లో నీ కింది పోర్షన్‌లో ఉండే బాలనాగమ్మ నిన్న వచ్చి, "అన్నా, పొద్దుగాల పైనుంచి స్స్ అని ఒకటే సప్పుడు. గ్యాస్ లీకయితున్నట్టుంది, జర చూడు" అని చెప్పి పోయింది. మెకానిక్ మొగిలయ్యను పంపుతున్నాను. అతను వచ్చేదాకా అగ్గిపుల్ల గీయకు.

ఇట్లు,
జగదీశ్వర్

తా.క.: ఫోను మాట గాలికి పోతుంది. ఏ సంగతైనా కాగితం మీద పెట్టు. మా ఇంట్లో కూడా మాట్లాడేది నేనొక్కడినే. మా ఆవిడ కమల ముప్పై ఏళ్లుగా "ఊఁ" అంటుంది, అంతే. అందుకే మా ఇల్లు ప్రశాంతం.

అశోక్‌నగర్,
8-7-1994

గౌరవనీయులైన జగదీశ్వర్ గారికి నమస్కారాలు.

మొగిలయ్య వచ్చి రెగ్యులేటర్ మార్చాడు. టీ ఇద్దామంటే అగ్గిపుల్ల గీయనివ్వలేదు. ఆ బుస గ్యాస్‌ది కాదండీ, నాది. చిక్కడపల్లి బడిలో నా పాఠం మూడో బెంచీ దాకానే వినిపిస్తుంది. వెనకవాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. నెలాఖరున ఇన్‌స్పెక్షన్. చివరి బెంచీకి వినిపించకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదని హెడ్మాస్టరు తేల్చేశారు. అరిచి చూస్తే ఉన్న గొంతూ పోయింది. అందుకే శ్వాస సాధన మొదలుపెట్టాను. వెల్లకిలా పడుకొని, పొట్ట మీద బరువు పెట్టి, అది లేచేలా గాలి పీల్చి, స్స్ అంటూ మెల్లగా వదలాలి. ఎవరేమనుకున్నా మానేది లేదు.

మీ
రాగిణి

తా.క.: వచ్చే వారం నుంచి మ్మ్ అని కూడా ఉంటుంది. బాలనాగమ్మ గారికి మీరే చెప్పండి. నేను చెబితే మెట్లు సగం దిగేలోపే మాట ఆగిపోతుంది.

నారాయణగూడ,
17-7-1994

అమ్మా రాగిణీ,

కిరాయికున్నవాళ్లు జబ్బు దాచడం నాకు కొత్త కాదు. బాలనాగమ్మ మళ్లీ వచ్చింది. "అన్నా, కిటికీలకెల్లి చూసిన. పిల్ల నేలమీద ఎల్లెల్కల పండింది. పొట్ట మీద లావు పుస్తకం, పారాయణదే అయి ఉంటది. ఒకటే మూలుగుడు. ఎక్కువ దినాలు ఉండదు" అని కళ్లు తుడుచుకుంది. నాకూ బాధగానే ఉంది తల్లీ. కానీ పంచాంగం చూశాను. వచ్చే వారం నక్షత్రాలు మంచివి కావు. ఆ రోజుల్లో ఎవరైనా పోతే ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలి. ఆపైన కిరాయికి ఎవరొస్తారు? కనుక ఆదివారంలోగా ఖాళీ చెయ్యి.

ఇట్లు, నీ మేలు కోరే
జగదీశ్వర్

తా.క.: కదల్లేని పరిస్థితైతే కనీసం నక్షత్రం మారేదాకా ఓపిక పట్టు.

అశోక్‌నగర్,
20-7-1994

జగదీశ్వర్ గారికి నమస్కారాలు.

నాకు ఇప్పట్లో పోయే ఉద్దేశం లేదు, ఏ నక్షత్రంలోనూ. పొట్ట మీద ఉన్నది తెలుగు నిఘంటువు. ఇల్లు ఖాళీ చేయను. కాగితం మీద రాస్తే మీరు నమ్మడం లేదు గనుక శనివారం సాయంత్రం వచ్చి నోటితోనే చెబుతాను.

రాగిణి

తా.క.: మీ ఎదుట మాట్లాడాలంటే చివరి బెంచీ కంటే భయంగా ఉంది. అయినా వస్తున్నాను.

నారాయణగూడ,
2-8-1994

అమ్మా రాగిణీ,

మా గుమ్మంలో నిలబడి, కడుపు నిండా గాలి పీల్చి, "నేను బాగున్నాను. ఖాళీ చేయను" అన్నావు చూడు, ఎదురింటి డాబా మీద బట్టలు తీస్తున్న ఆవిడ "సరే" అంది! ఆ గొంతున్న మనిషికి జబ్బేమిటి? హాయిగా ఉండు. ఇన్‌స్పెక్షన్ నాడు నీ డిక్టేషన్ పక్క క్లాసు కూడా రాసుకుందట, ఉద్యోగం పర్మనెంటు అయిందట. బాలనాగమ్మ మోసుకొచ్చిన వార్తల్లో ఇదొక్కటే నిజం.

కానీ ఆ రోజు వంటింట్లో కమలతో ఏం మాట్లాడావు? మర్నాటి నుంచి మా ఇంట్లో బుస. నేలమీద పడుకుంటుంది, పొట్ట మీద నా పంచాంగం. నిన్న "టీ" అని కేకేస్తే, "నేను సాధనల ఉన్న. పాలు గిన్నెల ఉన్నయ్, మీరే పెట్టుకోండ్రి" అంది. వీధి చివర ఇస్త్రీ ఈరన్న అది విని, టీ ఎట్లా పెట్టాలో నాకు నేర్పడానికి వచ్చాడు. నిజం చెబుతున్నాను, కమల గొంతు ఇంత బాగుంటుందని ముప్పై ఏళ్లలో నాకు తెలియలేదు.

ఈ ఇంట్లో ఇప్పుడు నా మాట మొదటి బెంచీకి కూడా వినిపించడం లేదు. ఆదివారం వచ్చి నాకూ నేర్పు తల్లీ.

ఇట్లు,
జగదీశ్వర్

తా.క.: రాగిణీ, ఉత్తరం పోస్టులో వేయమని నాకిచ్చారు. నేను కమలను. ఆదివారం తప్పకుండా రా, భోజనం ఇక్కడే. ఆయనకు మాత్రం అప్పుడే నేర్పకు. నేను చెప్పాల్సినవి ముప్పై ఏళ్లవి ఉన్నాయి.