గోడ దగ్గర స్విచ్చు

టువాస్,
బుధవారం.

ప్రియమైన టీచరమ్మగారికి, సాయిబాబు నమస్కారాలు.

మూడు రోజులుగా మధ్యాహ్నం రెండయ్యేసరికి వాన దిగుతోంది. పిడుగుల హెచ్చరిక రాగానే మమ్మల్ని మరమ్మతుకొచ్చిన ఓడ పైనుంచి దింపేస్తున్నారు. లోపల ఇంజను గది పక్కన పాత కేబుళ్ళు తీసి కొత్తవి లాగుతున్నాం. చొక్కా పిండితే నీళ్ళు.

ఫోనులో మీకు సరిగా వినపడదు కనుక రాస్తున్నాను. ఆదివారం మీ ఇంట్లో తిన్న గోంగూర పప్పు గురించి మా గదిలో యాకూబ్‌కి చెబితే, తననెందుకు తీసుకెళ్ళలేదని రెండు రోజులు సాధించాడు. వండిపెట్టిన కోటేశ్వరి అక్కకి ఈ మాట చెప్పండి. ఈ పరాయి దేశంలో, బిషాన్‌లో పదమూడో అంతస్తులో నరసాపురం వంట దొరుకుతుందంటే ఇక్కడెవరూ నమ్మరు.

మీ కంప్యూటరు సంగతి. అప్‌డేట్ వేసుకోమని నెల నుంచి అడుగుతోందంటే, నేనే సరేనని నొక్కాను. భోజనం అయ్యేసరికి ముప్ఫై శాతం దగ్గర ఉంది. తర్వాత పూర్తయిందా? మీ ఆదివారం తెలుగు బడి పాఠాలు తెరుచుకుంటున్నాయా? తేడా ఉంటే ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి. పాత యంత్రాలు ఒక్కోసారి మొరాయిస్తాయి.

అంకుల్ అనంతరామయ్యగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ సాయిబాబు

*

బిషాన్,
శనివారం.

ప్రియమైన సాయిబాబుకు, ఆశీస్సులు.

కంప్యూటరు లేవలేదు. ఆన్ చేస్తే నీలం తెర వస్తుంది, సరిచేస్తున్నానంటుంది, ఆరిపోతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. వారం నుంచి ఇదే. నా పన్నెండేళ్ళ పాఠాలు అందులోనే ఉన్నాయి. గుణింతాలకు నేను గీసిన బొమ్మలు, పిల్లల చేత చదివించి రికార్డు చేసిన కథలు, అన్నీ. ఇంకోచోట కూడా దాచుకోమని నువ్వు పోయినేడే చెప్పావు. నేనే రేపు రేపంటూ వచ్చాను. రేపటి బడికి రావద్దని పిల్లలకు కబురు చేస్తే, వాళ్ళలో అక్షర అనే పిల్ల మాత్రం ఇక్కడి యాసలో "నెవర్ మైండ్ లా ఆంటీ, బోర్డు మీద రాయండి" అంది. అంతసేపు నిలబడి రాసే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

అంకుల్ కోటేశ్వరిని తప్పుపడుతున్నారు. నువ్వు వెళ్ళాక ఆమె తడిగుడ్డతో బల్ల తుడిచింది. వెనక వైర్లు కదిపిందనీ, నీళ్ళు లోపలికి పోయాయనీ ఆయన అంటున్నారు. ముట్టలేదండీ అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన వినలేదు. ఊరికి తిరిగి పంపేస్తామని పనిమనుషుల ఏజెంటుకి ఫోను కూడా చేశారు. రెండేళ్ళుగా ఇంట్లో ఉన్న మనిషి. నాకేమీ తోచడం లేదు.

వచ్చే ఆదివారం ఒకసారి వచ్చి చూడు. దేనివల్ల పోయిందో నీకు తెలుస్తుంది కదా.

ఇట్లు,
ప్రభావతి

*

టువాస్,
శనివారం. రెండోసారి మీ ఇంటికి వచ్చి వెళ్ళి రెండు వారాలు కావస్తోంది.

ప్రియమైన టీచరమ్మగారికి,

ఇది యాకూబ్ చేత పంపుతున్నాను. నేను రాలేదు. కారణం కింద రాశాను.

ముందు పాఠాల సంగతి. ఆ రోజు నేను తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో మీ యంత్రం లేవలేదు కదా. విప్పి తెచ్చిన డిస్కుని ఇక్కడ యాకూబ్ లాప్‌టాప్‌కి తగిలించాను. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. రెండు డ్రైవుల్లోకి ఎక్కించాను. ఒకటి బీరువాలో పెట్టుకోండి. డిస్కు మళ్ళీ బిగించి, అన్నీ కొత్తగా వేసి, పాఠాలు ఎక్కించడం యాకూబ్‌కి నేర్పాను. ఈ పని నాలుగు రోజుల్లోనే అయిపోయింది. డిస్కు ఇంకా చూస్తున్నానని మీకు మెసేజి పెట్టింది అబద్ధం.

ఓడలో పని వదిలి వెళ్ళేముందు కరెంటు సప్లయి ఆపాలి. ఆపకపోతే తర్వాత వచ్చినవాడి ప్రాణం పోతుంది. ఎనిమిదేళ్ళుగా ఆ అలవాటు. చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోతుంది. ఆ మొదటి ఆదివారం మీరు లోపల నాకు పచ్చడి కడుతుంటే, నేను లేచి వస్తూ గోడ దగ్గర స్విచ్చు ఆపేశాను. అప్‌డేట్ మధ్యలో తెర ఆరిపోవడం చూశాను. వెంటనే మళ్ళీ వేశాను. అదే సర్దుకుంటుందిలే అనుకుని, మీ చేతి పచ్చడి సీసా తీసుకుని లిఫ్టు ఎక్కాను.

కోటేశ్వరి అక్క ఏమీ చెయ్యలేదు. చేసింది నేను.

రెండోసారి వచ్చినప్పుడు అంకుల్ నా ముందే ఆమెని, "ఇంకా ఒప్పుకోవేం?" అన్నారు. నేను స్క్రూలు విప్పుతున్నాను. తల ఎత్తలేదు. తర్వాత ఆమె నాకు టీ తెచ్చిచ్చింది. తాగాను.

మీ ఇంటికి ఎవరొచ్చినా నన్ను మా ఎలక్ట్రీషియన్ అని చెబుతారు. ఆ మాట పోతుందని నోరు విప్పలేదు. ఇంతకన్నా కారణం లేదు. ఇప్పుడు మీ ముందుకి రావడానికి మొహం చెల్లడం లేదు. ఆమెని పంపొద్దు. అంకుల్‌కి ఈ కాగితం చూపించండి.

ఇట్లు,
సాయిబాబు

*

బిషాన్,
సోమవారం.

ప్రియమైన సాయిబాబుకు,

యాకూబ్ నిన్న పొద్దున్నే వచ్చాడు. అతను హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంటే, నేను నీ ఉత్తరం వంటింట్లోకి తీసుకెళ్ళి కోటేశ్వరికి చదివి వినిపించాను. ఆమె చేప కడుగుతోంది. చదవడం అయ్యాక కుళాయి కట్టేసి, "నాకు తెలుసమ్మా" అంది.

ఆ రోజు వంటింటి గుమ్మంలోంచి చూసిందట, నువ్వు స్విచ్చు ఆపడం, వెయ్యడం. మరి చెప్పలేదేమని అడిగాను. "అతనే చెబుతాడని చూశాను. టీ ఇచ్చినప్పుడు కూడా చూశాను. నేను చెబితే, తప్పించుకోడానికి ఇంకొకరి మీదికి నెడుతోందనేవారు" అంది. అనేవారే. నేనూ అనేదాన్నేమో.

అంకుల్ ఉత్తరం నిలబడే చదివారు. ఆమెకి కొన్న విమానం టికెట్టు రద్దు చేయిస్తానన్నారు. పొరపాటు నాదే, ఉండిపొమ్మన్నారు. ఆయన ఇంకొకరితో ఆ మాట అనడం నేను వినడం ఇదే మొదలు. కోటేశ్వరి చేతులు తుడుచుకుని, "నేను కాదంటే నమ్మలేదు. కాగితం వస్తే నమ్మారు. నేను వెళతానండీ" అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ చేపల దగ్గరికి పోయింది. మధ్యాహ్నం యాకూబ్‌కి దగ్గరుండి వడ్డించింది.

పాఠాలన్నీ తెరుచుకున్నాయి. నువ్వు చెప్పడానికి ఇన్ని రోజులు పట్టిందని నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. కానీ రెండేళ్ళు ఆమె చేతి అన్నం తిని, ఒక్కసారి కూడా ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఏం జరిగిందని నేను అడగలేదు. నీకు మొహం చెల్లదంటున్నావు. నాకూ అంతే.

ఇట్లు,
ప్రభావతి

ఈ ఉత్తరం వారమంతా సొరుగులో ఉండిపోయింది. ఇవాళ శనివారం. కోటేశ్వరి నిన్న పొద్దున తొమ్మిదిన్నర విమానానికి వెళ్ళిపోయింది.